మామయ్యగారు పంపిన దిళ్ళు

ఆసుపత్రి,
కిటికీ పక్క మంచం

మామయ్యగారికి,

లేచి నమస్కరించే యోగం లేదు. డాక్టరమ్మగారు లేవొద్దన్నారు. అందుకని పడుకునే పెడుతున్నాను, ఏమీ అనుకోకండి.

నేనూ, లోపలున్న బుజ్జిగాడో బుజ్జిదో, ఇద్దరమూ కులాసా. మంచానికి కాళ్ళ వైపు ఇటుకలు పెట్టి ఎత్తారు. తల పల్లానికి, కాళ్ళు మెరకకి. పైగా ఎప్పుడూ ఎడమ పక్కకే తిరిగి ఉండాలట. బిడ్డ నిలదొక్కుకునేదాకా ఇంతే, నెలలు పట్టినా సరే అన్నారు. ముందు రెండుసార్లు ఏమైందో మీకు తెలుసు. అందుకే ఈసారి గోడకి కొట్టిన మేకులాగా ఉన్నచోటే ఉంటున్నాను.

ఇక అసలు సంగతి. ఇక్కడి పరుపుకి నడిమధ్య గుంట. దాని మీద రెక్సిన్ గుడ్డ. కాస్త కదిలితే అది వీపుకి అంటుకుని నాతోపాటే లేస్తుంది, తర్వాత చర్రున ఊడుతుంది. ఊళ్ళో అందరికీ పరుపులు కుట్టే మామగారుండి, కోడలు గుంటలో పడుకోవడమేమిటని నాకే నవ్వొచ్చింది. మోకాళ్ళ మధ్యకి ఒకటి, నడుం వెనక్కి ఒకటి, చిన్న దిళ్ళు కుట్టి ఇస్తారా? మీ అబ్బాయి బస్సు డ్యూటీ మీద ఇటు వచ్చినప్పుడు ఆయనతో పంపితే చాలు. వార్డులోకి ఫోన్లు తేనివ్వరు. తేనిచ్చినా మీకు ఫోన్లో నా మాట వినపడేలా అరిస్తే డాక్టరమ్మగారు ఊరుకోరు. అందుకే ఉత్తరాలు. భూతద్దం పెట్టుకుని చదువుతారని అక్షరాలు పెద్దవి చేసి రాస్తున్నాను.

ఈ దిళ్ళ మాట అత్తయ్యతో అనకండి. "మేం చాప మీద కని సాయంత్రానికల్లా పొయ్యి ముందు కూర్చున్నాం" అంటారు.

మీ కోడలు

తా.క.: అత్తయ్య అల్లి ఇచ్చిన ఉన్ని శాలువా చాలా బాగా పనికొస్తోందని చెప్పండి. కప్పుకుంటే ముళ్ళకంపలో దొర్లినట్టుంది గానీ, కిటికీకి కడితే ఎండ చుక్క కూడా లోపలికి రావడం లేదు.


పరుపుల దుకాణం

అమ్మాయీ,

పడుకుని పెట్టినా నమస్కారం నమస్కారమే, అందింది. దీవెనలు పంపుతున్నాం. ఇవి కూడా పడుకునే పుచ్చుకో.

దిళ్ళు రెండు కాదు, మూడు పంపుతున్నాను. మూడోది పొట్ట కిందికి. ఆ నెలల్లో పక్కకి తిరిగి పడుకుంటే పొట్ట మనది కానట్టు ఎటో జారిపోతుంటుంది. ఇది మగవాడికెలా తెలుసని అడక్కు, విన్నాను. లోపల బూరుగు దూది, బరువుండదు. గలీబులకి బాగా ఉతికిన పాత చీర వాడాం. కొత్త గుడ్డ ఒంటికి రాచుకుంటుంది. ఒక దుప్పటికి నాలుగు మూలలా నాడాలు కుట్టి పెట్టాను. మంచం కోళ్ళకి బిగించి కట్టించుకుంటే రెక్సిన్ నీ జోలికి రాదు.

మీ అత్తగారు చాప మీద కన్న మాట నిజమే. సాయంత్రానికల్లా పొయ్యి ముందు కూర్చోవడం మాత్రం అబద్ధం. నెలరోజులు లేవలేదు. వాళ్ళ అత్తగారు తనకి చెప్పిన గొప్పే తను నీకు చెబుతోంది.

ఇంకా ఏమైనా గుచ్చుకుంటే, మనుషులైనా సరే, మొహమాటం లేకుండా నాకు రాయి. మీ అత్తగారి చెవిన వెయ్యను.

మీ మామయ్య

తా.క.: ఆ శాలువాని తిరగేసి కప్పుకోవాలి. ముడుల వైపు పైకి, నున్నటి వైపు ఒంటికి. మీ అత్తగారు నిద్దట్లో అంటుంటే విన్నాను.


ఆసుపత్రి

మామయ్యా,

గారు తీసేశాను. అంత మంచి దిళ్ళు పంపినవాళ్ళని గారు అంటే దూరం పెట్టినట్టుంటుంది. నిన్న పగలంతా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. జ్వరం చూడటానికి వచ్చిన నర్సు నన్ను లేపడానికి మనసొప్పక పక్క మంచానికి వెళ్ళిపోయిందట. శాలువా తిరగేశాను. పిల్లి పిల్లలా మెత్తగా ఉంది! అత్తయ్య మెలకువలో చెప్పే మాటల కంటే నిద్దట్లో చెప్పేవే మేలు.

మీరే అడిగారు కాబట్టి, గుచ్చుకున్న సంగతి ఒకటి చెప్పనా? దిళ్ళతో పాటు అత్తయ్య చిన్న పొట్లం కట్టి పంపారు. ఆత్రంగా విప్పాను. రెండు దూది ఉండలు! చీటీ లేదు, మాట లేదు. ఇంట్లో తను పిలిస్తే నేను పలకకపోయిన ప్రతిసారీ "చెవుల్లో దూది పెట్టుకున్నావా?" అనేవారు కదా. అంత దూరం నుంచి తిట్టడం కుదరదని దూదే పంపేశారు. మా అమ్మ ఉంటే ఇలా పంపేదా, చెప్పండి.

ఈ వార్డులో మిగతా అంతా బాగుంది. పక్క మంచంలో ఒక బడిపంతులమ్మ ఉన్నారు. పగలు మహా మంచావిడ. కళ్ళు మూస్తే చాలు, నిద్దట్లో గొంతెత్తి ఎక్కాలు చెబుతారు. పదమూడో ఎక్కం సగంలో తప్పుతారు, మళ్ళీ రెండో ఎక్కం నుంచి ఎత్తుకుంటారు.

మీ కోడలు

తా.క.: పంతులమ్మగారి పుణ్యమా అని నాకు పదమూడో ఎక్కం వచ్చేసింది. కడుపులో ఉన్నవాళ్ళకి కూడా వచ్చే ఉంటుంది.


పరుపుల దుకాణం

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి ఇంట్లో ఒకరు అన్నం సగంలో వదిలేశారు. ఎవరన్నది అప్రస్తుతం.

దూది సంగతి విను. ఆసుపత్రి అంటే గోల. ట్రేలు కింద పడతాయి, తోపుడు బళ్ళు కీచుమంటాయి, పిల్లలు ఏడుస్తారు. నిద్ర పట్టడానికి చెవుల్లో పెట్టుకుంటుందని పంపిన దూది అది. గింజ లేకుండా ఏరి, చేత్తో చుట్టి, తన చెవిలో పెట్టుకుని సరిపోయిందో లేదో చూసి మరీ కట్టింది. ఆ కాసేపూ నేను పిలిచినా పలకలేదు. మీ అత్తగారు దూది పంపిందంటే అది దూదే అమ్మాయీ. అందులో సామెతలుండవు.

నీకింకో మాట. అస్తమానం ఒకే గోడ చూస్తూ పడుకుంటే ఎవరికైనా పిచ్చెక్కుతుంది. ఈసారి మీ అత్తగారు ఒక వస్తువు పంపుతోంది. దాన్ని చూడగానే కోపం తెచ్చుకోకుండా, బాగా పరిశీలించి ఆ తర్వాత తెచ్చుకో.

మీ మామయ్య

తా.క.: పంతులమ్మగారి కోసం ఇంకో రెండు దూది ఉండలు పెట్టాను. ఎక్కడ పెట్టాలో నువ్వే ఆలోచించు.


ఆసుపత్రి

మామయ్యా,

మీరు ఎంత వెనకేసుకొచ్చినా ఈసారి కుదరదు.

"నీ మొహం అద్దంలో చూసుకో" అని నోటితో అనేవాళ్ళని చూశాను. అద్దమే కొని పంపేవాళ్ళని ఇదే చూడటం. నెలల తరబడి తలకి నూనె లేక, మొహం ఉబ్బిపోయి, కాళ్ళు దిమ్మెల్లా వాచి పడున్న మనిషికి అద్దం పంపుతారా ఎవరైనా? మూట విప్పి చూసి పంతులమ్మగారు కూడా "అయ్యో" అన్నారు. పదమూడో ఎక్కం దగ్గర తప్ప ఆవిడ అయ్యో అనరు.

అద్దం మీ అబ్బాయితో తిప్పి పంపుతున్నాను. నాకంటే అత్తయ్యకే అవసరం. కోపమొచ్చినప్పుడు ఒకసారి చూసుకోమనండి.

ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నది మీతో అనేస్తాను. రెండోసారి పోయినప్పుడు నేను మూడు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. అత్తయ్య గుమ్మంలోకి వచ్చి, చూసి, మాట్లాడకుండా వెళ్ళిపోయారు. పాలు పొంగితే వీధి చివరిదాకా వినపడేలా అరిచే మనిషికి నాతో అనడానికి ఒక్క మాట లేకపోయింది. ఆవేళ తిట్టినా బాగుండేది మామయ్యా. ఇంత మాట మీతో అన్నందుకు ఏమీ అనుకోకండి. ఆవిడకి తెలియనివ్వకండి.

మీ కోడలు

తా.క.: మీ దిళ్ళ మీద పెద్ద నర్సు కన్ను పడింది. ఈవిణ్ణి మేమంతా పోలీసు నర్సు అంటాం. తనిఖీ చేయాలని రోజూ ఒక దిండు డ్యూటీ గదిలోకి పట్టుకెళ్తుంది. సాయంత్రం "తనిఖీ అయింది" అని తెచ్చి ఇస్తుంది. దిండు వెచ్చగా ఉంటుంది.


పరుపుల దుకాణం

అమ్మాయీ,

జవాబు ఆలస్యమైంది. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

మీ అత్తగారు అద్దం చూసుకుంది. నువ్వు చెప్పావు కాబట్టి కోపంగా ఉన్నప్పుడే చూసుకుంది. బాగాలేదని తనకీ తోచింది.

ఇప్పుడు అదే అద్దం మళ్ళీ పంపుతున్నాను. చట్రానికి పైన రెండు చిల్లులూ, వాటిలో పురికొసా నువ్వు చూడలేదా? దాన్ని నీ తల దగ్గరున్న కమ్మీకి కట్టించు. కాస్త వంచితే కిటికీ బయట వీధంతా కనిపిస్తుంది. నువ్వు మెడ తిప్పక్కర్లేదు, పక్క మారక్కర్లేదు. మొహం చూసుకోవడానికి కాదు, లోకం చూడటానికి. ఆ వంపు ఎంత ఉండాలో తేల్చుకోవడానికి మీ అత్తగారు ఇంట్లో మంచం కాళ్ళ వైపు ఇటుకలు పెట్టుకుని, ఎడమ పక్కకి తిరిగి పడుకుని చూసింది. తర్వాత లేవలేకపోయింది. పాలవాడొచ్చి లేపాడు.

ఇక ఆ గుమ్మం సంగతి. ఆవేళ ఏం అనాలో తెలియలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నోటిని అరవడానికే వాడింది. వేరే మాట కావలసొచ్చి వెతుక్కుంటే ఒక్కటీ దొరకలేదు. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళ పంపు తిప్పి వదిలేసి నిలబడింది, ఆ చప్పుడులో ఏడుపు వినపడదని. ఇది ఆవిడ నాకు చెప్పలేదు. నేనే కనిపెట్టాను.

నా కంటికి శుక్లం తీశారు. ప్రస్తుతం కట్టు ఉంది. రెండో కన్ను ఎప్పటిలాగే మసక.

మీ మామయ్య

తా.క.: కంటికి కట్టుండగా గీత తప్పకుండా ఇంత గుండ్రంగా ఎలా రాశారని అడుగుతావేమో. అడక్కు.


ఆసుపత్రి

మామయ్యా,

మీ కళ్ళు చల్లగా ఉండాలి. కట్టు కట్టుకుని రాసిన మీ అక్షరాలు, రెండు కళ్ళూ తెరుచుకుని రాసే మీ అబ్బాయి అక్షరాల కంటే బాగున్నాయి.

అద్దం కట్టించాను. వీధి మొత్తం నా తల మీదికి వచ్చేసింది. సైకిళ్ళు బాగుచేసే కొట్టు, ఇస్త్రీ బండి, బడి వదిలాక పిల్లలు. ఇస్త్రీ ఆయన పెట్టె వేడెక్కేదాకా చొక్కాలతో ఏదో మాట్లాడతాడు. పంతులమ్మగారికి రోజూ వార్తలు నేనే చదువుతున్నాను. అంతా ఎడం కుడి, కుడి ఎడం. అయినా లోకం లోకమే కదా. ఆ అద్దాన్ని తిప్పి పంపినందుకు నా లెంపలు నేనే వేసుకున్నాను.

ఇంత సంతోషంగా ఉన్నానా, మీ అబ్బాయి నిన్న నోరు జారారు. అత్తయ్య అటక మీది ఉయ్యాల దించి ఇంట్లోంచి బయట పడేయించారట. నేను ఎందుకని అడిగితే "నాకేం తెలుసు, బస్సుకి టైమైంది" అని పరిగెత్తారు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ గుండె దడ. నొప్పులు కూడా మొదలయ్యాయి. సూది వేశారు, ఆగాయి. కంగారు పడొద్దని డాక్టరమ్మగారు గట్టిగా కోప్పడ్డారు.

ఇంట్లో ఆశ వదిలేసుకున్నారా మామయ్యా? ఈసారి కూడా నిలవదని అత్తయ్యకి అనిపించిందా? ఏదైనా ఫర్వాలేదు, నాకు నిజం రాయండి.

మీ కోడలు

తా.క.: ఈసారి తా.క.లో నవ్వించడానికి ఏమీ తోచలేదు.


పరుపుల దుకాణం

అమ్మా,

బస్సు కదలబోతోంది. ఆపించి రాస్తున్నాను. ప్రయాణికులు తిడుతున్నారు, తిట్టనీ.

ఉయ్యాల పడేసిన మాట నిజం. దానికి పురుగు పట్టింది. వేలితో తడితే పిండి రాలింది. అందులో పెరిగినప్పుడే నీ మొగుడు ఒకసారి తలకిందులుగా కింద పడ్డాడు. సగం సగం వార్తలు మోసే గుణం వాడికి అప్పుడే వచ్చి ఉంటుంది. కొత్త ఉయ్యాల వడ్రంగి దగ్గర తయారవుతోంది. మీ అత్తగారు రోజూ వెళ్ళి వాడి ప్రాణం తీస్తోంది. అంచులు నునుపు చాలలేదని మూడుసార్లు చిత్రిక పట్టించింది. ఇంకోసారి పడితే ఉయ్యాల కాస్తా చెంచా అవుతుందని వాడు మొత్తుకున్నాడు.

ఆశ వదులుకున్నవాళ్ళు వడ్రంగితో పోట్లాడతారటే పిచ్చిదానా?

మనసు కుదుటపరుచుకుని పడుకో. ఎడమ పక్కకి.

మీ మామయ్య

తా.క.: నిన్న వడ్రంగి కొట్లో మేకు తగిలి నా చీర చిరిగింది. అంటే మీ అత్తగారి చీర. నేను తీసుకెళ్ళాను. ఉయ్యాల కొలతకి.


ఆసుపత్రి

మామయ్యా, అత్తయ్యా,

కూర్చుని నమస్కరిస్తున్నాను. కూర్చుని!

ఆడపిల్ల. నిన్న ఉదయం. తొందరపడి కాస్త ముందే వచ్చింది, చిన్నగా ఉంది గానీ అన్నీ సరిగ్గా ఉన్నాయని పిల్లల డాక్టరుగారు చెప్పారు. ఆయన ఆ మాట అన్నప్పుడు ఇన్నాళ్ళ నుంచీ నేను బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలితే కిటికీ తెర ఎగిరిందేమో అనిపించింది. పాపని వెచ్చగా ఉండే అద్దాల పెట్టెలో పెట్టారు. కాస్త ఒళ్ళు చేసేదాకా ఇద్దరం ఇక్కడే ఉండాలి. ఉంటాం. ఎన్నాళ్ళయినా ఉంటాం. ఇప్పుడు నేను కుడి పక్కకి కూడా పడుకోవచ్చు మామయ్యా, దానంత సుఖం లోకంలో లేదు.

పోలీసు నర్సు ఏడ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి నా దిండే తీసుకుంది.

మీ కంటికట్టు విప్పారని మీ అబ్బాయి చెప్పారు. ఇద్దరూ రండి. అత్తయ్యని తప్పకుండా తీసుకురండి. ఆవిడ ఏం అన్నా, ఏమీ అనకపోయినా ఫర్వాలేదు.

మీ కోడలు

తా.క.: పాప గొంతు వార్డు ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడుతోంది. ఎవరి పోలికో మీకు తెలుసు. ఆవిడకి మాత్రం చెప్పకండి.


పరుపుల దుకాణం

కోడలు పిల్లకి,

నేను మామయ్యని. అంటే నిజంగా నేనే.

రాత వంకరగా ఉంది, సర్దుకో. పరుపుల కొలతలు తప్ప నేను రాసి ఎరగను. ఈ ఉత్తరం మావాడితో పంపడం లేదు, స్వయంగా పోస్టులో వేస్తున్నాను. కారణం చెబుతాను.

నిన్న మేం వచ్చినప్పుడు మీ అత్తగారు అద్దాల పెట్టె దగ్గర నిలబడి ఎంతకీ కదల్లేదు కదా. సమయం అయిపోయిందని పెద్ద నర్సు అంటే ఆవిడతో గొడవ వేసుకుంది. ఆ గొడవలో కూడా నువ్వు హాయిగా నిద్రపోయావు. నేను ఊరికే కూర్చోలేక కొత్త కళ్ళజోడు పెట్టుకున్నాను. నీ మంచం పక్క అరలో ఉత్తరాల కట్ట కనబడింది. పైన పంపినవాడిగా నా పేరే ఉంది కదా, తప్పేముందని విప్పాను.

నేను నీకు రాసిన ఉత్తరాలన్నీ మొదటిసారి చదివాను. చాలా బాగా రాశాను. ఇంత తెలివి నాకుందని ఈ వయసులో తెలిసింది.

అమ్మా, నువ్వు ఆసుపత్రిలో చేరిన కొద్దిరోజులకే భూతద్దంతో కూడా నాకేమీ కనిపించడం మానేసింది. నీ మొదటి ఉత్తరం మీ అత్తగారే చదివింది. జవాబు రాయమంటే నేను చెప్పింది ఒకటే మాట: "దిళ్ళు పంపుతున్నాం." ఆవిడ కాగితం అటూ ఇటూ నింపింది. "ఏం రాస్తున్నావే అంతసేపు?" అంటే, "మీరు చెప్పిందే" అంది. ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చిన ప్రతిసారీ ఏం రాసిందని అడిగేవాణ్ణి. "క్షేమమట" అనేది. అంత లావు ఉత్తరానికి ఒక్క క్షేమం! దూది, అద్దం, ఆ గుమ్మం సంగతి, ఏదీ నా దాకా రానివ్వలేదు. మావాడికి మొదటి నుంచీ తెలుసు. వాళ్ళమ్మ ఒట్టు వేయించుకుంది. ఆవిడ రాత నువ్వు గుర్తుపట్టకపోవడంలో వింత లేదు. అంత నోరుండగా కాగితంతో ఆవిడకి పనేం పడింది ఇన్నాళ్ళూ?

అంటే, నువ్వు అత్తగారి మీద నాకు చెప్పుకున్న చాడీలన్నీ నేరుగా అత్తగారికే చేరాయి. ఈ ముక్క చదివి నీకు ముచ్చెమటలు పడతాయని తెలుసు. నాకూ పట్టాయి. కానీ ఒకటి చూడు. అన్నీ చదివింది. చదువుతూనే గలీబులు కుట్టింది.

ఇది నీకూ నాకూ మధ్యే ఉండనీ. నాకు చూపు బాగా వచ్చిందని నేనింకా ఇంట్లో చెప్పలేదు. మసగ్గానే ఉందని అబద్ధమాడాను. నిజం చెబితే "ఇక మీ ఉత్తరాలు మీరే రాసుకోండి" అని కలం నా చేతికిచ్చేస్తుంది. ఇవాళ ఆవిడ నీకు రాస్తుంటే ఎదురుగా కూర్చుని చూశాను. ప్రతి మాటా పెదాలతో పలికి చూసుకుని అప్పుడు రాస్తుంది. మధ్యలో ఆగి తనలో తను నవ్వుకుంది. ఒకచోట కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. నాకు కనిపించదనుకుని తుడుచుకోను కూడా లేదు. ముప్పై ఏళ్ళకి పైగా కాపురం చేశాను గానీ, ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు.

"ఏం రాశావ్?" అన్నాను.

"క్షేమమని" అంది.

నీ అసలు మామయ్య

తా.క.: రేపో ఎల్లుండో నా దగ్గర్నుంచి నీకు ఉత్తరం అందుతుంది. అందులో ఏముందో నాకు తెలియదు. జవాబు మాత్రం పెద్దదిగా రాయి.